ఓటమి తీర్చిదిద్దిన ఉస్తాదు: డాన్ గేబుల్ కుస్తీ జీవితం

కుస్తీ మనకు కొత్త విద్య కాదు. ఉర్సుల్లో, జాతర్లలో గోదా తవ్వి, మట్టి మెత్తగా చేసి, డప్పుల మోత మధ్య పహిల్వాన్లు తలపడటం మన పెద్దలు కళ్లారా చూసినదే. "ఫలానా వాణ్ణి చిత్తు చేశాడు" అని మనం రోజూ అనే మాట కూడా ఆ గోదాలోంచి లేచివచ్చినదే. ఎదుటివాణ్ణి వెల్లకిలా పడగొట్టి రెండు భుజాలూ నేలకు ఆనించడమే చిత్తు.

అయితే ఒక సంగతి మాత్రం గమనించాలి. గెలిచిన పహిల్వానుకు పూలదండ పడుతుంది, తలపాగా చుడతారు, ఊరేగిస్తారు. వాడికి పట్టులు నేర్పిన ఉస్తాదు ఆ ఊరేగింపు చివర ఎక్కడో నడుస్తూ ఉంటాడు. ఇంతకీ గొప్ప పహిల్వాను గొప్ప ఉస్తాదు కాగలడా? తాను గెలవడం ఒక విద్య, మరొకణ్ణి గెలిపించడం ఇంకొక విద్య. మొదటిది వచ్చినవాళ్లందరికీ రెండవది రాదని తాలీంఖానాల్లో కాలం గడిపినవాళ్లు ఎవరైనా చెబుతారు. రెండూ వచ్చినవాళ్లు బహు తక్కువ. అటువంటి అరుదైనవారిలో అమెరికాకు చెందిన డాన్ గేబుల్ ఒకరు. ఆయన చరిత్రను మన పాఠకులకు, ముఖ్యంగా యువకులకు, వారిని పెంచే తల్లిదండ్రులకు పరిచయం చెయ్యాలని మా ఉద్దేశం.

వాటర్లూ కుర్రాడు

అమెరికా మధ్యభాగంలో అయోవా అనే రాష్ట్రం ఉన్నది. మొక్కజొన్న చేలు, పందుల పెంపకం, ట్రాక్టర్ల తయారీ అక్కడివాళ్ల జీవనాధారం. చలికాలం వచ్చిందంటే నెలల తరబడి మంచు. బయట ఆటలకు వీలుండదు. ఆ చలి రోజుల్లో స్కూళ్లలో, కాలేజీల్లో కుస్తీ సాగుతుంది. మన దగ్గర కుస్తీ ఊరి పెద్దల ఆదరణ మీద, తాలీంఖానా మీద బతికింది. అక్కడ అది చదువుతోబాటు బడిలో భాగమై బతికింది. కుస్తీ నేర్పేవాడికి జీతం ఉంటుంది, పరుపులు పరిచిన హాలు ఉంటుంది, ఏటేటా జిల్లా, రాష్ట్ర పోటీలు ఉంటాయి. ఈ తేడాను పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవాలి. తర్వాతి కథంతా దీనిమీదే ఆధారపడి ఉన్నది.

ఆ రాష్ట్రంలోని వాటర్లూ పట్టణంలో 1948 అక్టోబరు 25న గేబుల్ పుట్టాడు. తల్లిదండ్రులు సామాన్య కుటుంబీకులు. వెస్ట్ హైస్కూల్లో బాబ్ సిడెన్స్ అనే ఉపాధ్యాయుని దగ్గర కుస్తీ నేర్చుకున్నాడు. హైస్కూలు రోజుల్లో 64 పోటీలు ఆడి 64 గెలిచాడు. మూడుసార్లు రాష్ట్ర విజేత అయ్యాడు.

కాని ఆ అంకెల వెనుక ఒక కన్నీటి కథ ఉన్నది. 1964 మే నెలాఖరులో ఆ కుటుంబం మీద పిడుగు పడింది. తల్లిదండ్రులు, డాన్ చేపల వేటకని పొరుగూరు వెళ్లిన సమయంలో ఇంట్లో ఒంటరిగా ఉన్న అక్క డయాన్‌ను హత్య చేశారు. ఆమెకు 19 ఏళ్లు, తమ్ముడికి 15. తల్లిదండ్రులు కుంగిపోయారు. ఆ ఇంట్లో ఇక ఉండలేమని, అమ్మేసి ఎటైనా పోదామని అనుకున్నారు. అప్పుడు ఆ పదిహేనేళ్ల కుర్రవాడు వద్దన్నాడు. అక్క గదిలోకి తన పక్క మార్చుకుని అక్కడే పడుకోవడం మొదలుపెట్టాడు. తన కుస్తీ చూడటానికి వచ్చేటప్పుడైనా అమ్మానాన్నలకు ఆ దుఃఖం కాస్సేపు మరపుకు రావాలని కోరుకున్నాడు. ఆ తర్వాత అతడు గెలిచిన ప్రతి పోటీ వెనుక ఈ సంగతి ఉన్నది. కండబలం గురించి మాట్లాడేవాళ్లు దీన్ని మరచిపోతే గేబుల్ వారికి సగమే అర్థమవుతాడు.

181 విజయాలు, ఒక ఓటమి

హైస్కూలు ముగిశాక ఏమ్స్ పట్టణంలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ కోచ్ హెరాల్డ్ నికల్స్. అమెరికాలో కాలేజీల క్రీడలను ఎన్.సి.ఎ.ఎ. అనే సంఘం నడుపుతుంది. ఏటా మార్చి నెలలో అది జరిపే జాతీయ పోటీలే కాలేజీ కుస్తీకి పరాకాష్ఠ. గేబుల్ 1968లో 130 పౌండ్ల తరగతిలోను, 1969లో 137 పౌండ్ల తరగతిలోను జాతీయ విజేత అయ్యాడు. హైస్కూల్లో 64, కాలేజీలో 117, వెరసి 181 విజయాలు. ఓటమి అన్న మాటే లేదు.

1970 మార్చి 28. ఇల్లినాయి రాష్ట్రంలోని ఇవాన్‌స్టన్‌లో జాతీయ పోటీలు. 142 పౌండ్ల తరగతి ఫైనలు. గేబుల్‌కు అది కాలేజీ జీవితంలో ఆఖరి కుస్తీ. గెలుపు ఖాయమని అందరి నమ్మకం. అజేయుడిగా కాలేజీ వదులుతున్నానని చెప్పే నాలుగు మాటలు టెలివిజన్‌వాళ్లు పోటీకి ముందే ఆయన చేత చెప్పించి రికార్డు చేసుకున్నారంటే చూడండి! ఎదుట నిలిచినవాడు వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ల్యారీ ఓయింగ్స్. గేబుల్‌తో తలపడాలనే పట్టుదలతో, పై తరగతిలో ఆడుతున్నవాడు కావాలని బరువు తగ్గించుకుని ఈ తరగతిలోకి దిగాడు.

కాలేజీ కుస్తీ అప్పట్లో 8 నిమిషాలు. గేబుల్ ముందు వెనుకబడ్డాడు, తర్వాత పుంజుకుని ముందుకు వచ్చాడు. చివరి నిమిషంలో ఓయింగ్స్ ఆయనను కింద పడగొట్టి, వీపు నేలవైపు తిప్పి, ఒక్క ఊపులో పాయింట్లు కొట్టాడు. ముగిసేసరికి 13-11. గేబుల్ ఓడిపోయాడు. రెండవ స్థానం మెట్టు మీద ఆయన తల వంచుకుని నిలబడితే, హాల్లోని జనమంతా లేచి చాలాసేపు చప్పట్లు కొట్టారు.

ఇక్కడ మరొక విశేషం ఉన్నది. చాలామంది దీన్ని పట్టించుకోరు. ఆ రోజు గేబుల్ ఓడినా అయోవా స్టేట్ జట్టు మాత్రం గెలిచింది. కాలేజీ పోటీల్లో పది బరువు తరగతులు ఉంటాయి. ఒక్కొక్క కుర్రవాడు గెలిచే కొద్దీ వాడి కాలేజీ ఖాతాలో పాయింట్లు జమ అవుతాయి. అందరి పాయింట్లు కూడితే ఎక్కువ వచ్చిన కాలేజీ జాతీయ విజేత. అంటే ఎంత మొనగాడైనా ఒక్కడి వల్ల జట్టు గెలవదు, ఒక్కడు ఓడినంత మాత్రాన జట్టు ఓడదు. భవిష్యత్తులో కోచ్ కాబోయేవాడికి ఇంతకన్న మంచి పాఠం ఏముంటుంది?

అంతవరకు ఓటమి ఎరుగని వాడికి మొదటిసారి తన కుస్తీలో ఏమేమి లోపాలున్నాయో తెలిసివచ్చింది. ఆ ఓటమే తనను బాగుచేసిందని తర్వాతి కాలంలో ఆయన ఎన్నోసార్లు చెప్పుకున్నారు. గెలుస్తున్నంత కాలం మనిషి తన పట్టులను తిరిగి చూసుకోడు. ఓడినప్పుడే కాలు ఎక్కడ పెట్టాడో, చెయ్యి ఎందుకు జారిందో ఆలోచిస్తాడు. అలా ఆలోచించడం అలవాటైన వాడే రేపు మరొకడి కాలు ఎక్కడ పెట్టాలో చెప్పగలుగుతాడు.

మ్యూనిక్ గోదాలో

కాలేజీ కుస్తీకి, ఒలింపిక్ ఫ్రీస్టైల్ కుస్తీకి తేడా ఉన్నది. కాలేజీ పద్ధతిలో ఎదుటివాణ్ణి కిందపెట్టి ఎంతసేపు అదుపులో ఉంచావన్నది ముఖ్యం. అలా అదిమి ఉంచిన సమయానికి కూడా లెక్క ఉంటుంది. ఫ్రీస్టైల్‌లో అదిమి కూర్చుంటే ఏమీ రాదు. ఎత్తి పడెయ్యాలి, వీపు పరుపువైపు తిప్పాలి. మనవాళ్లు మట్టిలో నేర్చి పరుపు మీదకి వెళ్లినప్పుడు ఎంత ఇబ్బంది పడ్డారో, అమెరికా కాలేజీ కుర్రాళ్లు కూడా అంతర్జాతీయ పోటీలకు వెళ్లినప్పుడు ఇంచుమించు అంత ఇబ్బందీ పడేవారు.

పైగా గేబుల్ దిగిన బరువు తరగతిలో అప్పటికి ఇరాన్ దేశస్థుడు అబ్దుల్లా మొవాహెద్ మకుటం లేని మహారాజు. 1965 నుంచి 1970 వరకు అయిదుసార్లు ప్రపంచ విజేత, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో స్వర్ణ విజేత. ఇక సోవియట్ పహిల్వాన్ల సంగతి చెప్పనక్కరలేదు. అలాంటి కాలంలో గేబుల్ 1971లో కాలి నగరంలో జరిగిన పాన్ అమెరికన్ క్రీడల్లో స్వర్ణం గెలిచాడు. అదే ఏడాది బల్గేరియా రాజధాని సోఫియాలో 68 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయ్యాడు. 1972 మొదట్లో సోవియట్ గడ్డ మీదనే, టిబిలిసిలో జరిగిన పోటీల్లోనూ గెలిచి వచ్చాడు. ఆ పోటీలు ఒలింపిక్స్ కంటే కష్టమని పహిల్వాన్లలో పేరు. తమ గడ్డ మీద తమవాళ్లను ఓడించి పోయిన ఈ అమెరికా కుర్రవాణ్ణి ఒలింపిక్స్‌లో పడగొట్టేవాణ్ణి తయారుచేస్తామని సోవియట్ శిక్షకులు శపథం పట్టారని కుస్తీ లోకంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఒలింపిక్స్‌కు ముందు అమెరికా జట్టు ఎంపికలో మళ్లీ ల్యారీ ఓయింగ్స్ ఎదురయ్యాడు. ఈసారి గేబుల్ గెలిచాడు. ఆ పాత బాకీ అలా తీరిపోయింది.

మ్యూనిక్‌లో మొదటి కుస్తీలోనే తల తగిలి కంటి పైన చిట్లి రక్తం కారింది. కట్టు కట్టుకుని ఆడాడు. మోకాలు కూడా అంతకు ముందే దెబ్బతిని ఉన్నది. అయినా ఆరు కుస్తీలు ఆడి ఆరూ గెలిచాడు. ఆ ఆరింటిలో ఎదుటివారిలో ఏ ఒక్కరూ ఆయన మీద ఒక్క పాయింటు కూడా తెచ్చుకోలేకపోయారు. 1972 ఆగస్టు 31న ఆఖరి కుస్తీ సోవియట్ జట్టుకు చెందిన రుస్లాన్ అషురలియేవ్‌తో. కుస్తీకి పుట్టిల్లు వంటి దాగెస్తాన్ వాడు. తర్వాత తానూ ప్రపంచ విజేత అయినవాడు. అతణ్ణి 3-0తో ఓడించి గేబుల్ స్వర్ణం అందుకున్నాడు. జపాన్‌కు చెందిన కికువో వాడాకు రజతం, అషురలియేవ్‌కు కాంస్యం దక్కాయి.

గేబుల్‌కు ఇంత శక్తి ఎక్కడిది? ఆయన పెద్ద కండలవాడేం కాడు. ఆయన ఎత్తుగడ చాలా సాదా. మొదటి నిమిషం నుంచి ఆఖరి నిమిషం దాకా ఎదుటివాడికి ఊపిరి తిరగనివ్వకుండా మీద మీద పడటమే. దీనికి కావలసింది దమ్ము. ఆ దమ్ము కోసం మ్యూనిక్‌కు ముందు ఏళ్ల తరబడి రోజుకు ఏడు గంటలు సాధన చేశారని చెబుతారు. మరొక ముఖ్యమైన సంగతి, ఆయన ఒంటరిగా సాధన చెయ్యలేదు. ఏమ్స్‌లో ఆయనతో కలిసి సాధన చేసిన పీటర్సన్ సోదరులు కూడా అదే మ్యూనిక్‌లో పతకాలు గెలిచారు. బెన్ పీటర్సన్‌కు స్వర్ణం, జాన్ పీటర్సన్‌కు రజతం. తాను ఎదుగుతూ పక్కవాణ్ణి ఎదిగించే గుణం అప్పటికే ఆయనలో ఉన్నదని దీన్నిబట్టి తెలుస్తున్నది.

గోదా దిగి గట్టు మీదకు

స్వర్ణం వచ్చాక అప్పట్లో ఆయన వయస్సు ఇంకా 24 నిండలేదు. ఇంకొక ఒలింపిక్స్ ఆడవచ్చు, పేరు చెప్పుకుని తిరగవచ్చు. కాని 1972లోనే అయోవా సిటీలోని అయోవా విశ్వవిద్యాలయంలో, గ్యారీ కర్డెల్‌మయర్ కింద అసిస్టెంట్ కోచ్‌గా చేరారు. పాఠకులు పొరబడకూడదు. తాను చదివిన అయోవా స్టేట్ వేరు, ఇది వేరు. పైగా ఈ రెండూ బద్ధ ప్రత్యర్థులు. 1976లో ఆయన హెడ్ కోచ్ అయ్యారు.

మొదటి ఏడాది, అంటే 1977లో, జాతీయ టైటిలు ఆయన పాత కాలేజీ అయోవా స్టేట్‌కే పోయింది. రెండో ఏడాది 1978లో ఆయన జట్టు గెలిచింది. ఎంత తేడాతో? 94.5 పాయింట్లకు 94. అర పాయింటు! ఎక్కడో ఒక చిన్న కుస్తీలో, పతకం రాదని తెలిసి కూడా ప్రయత్నం మానని ఎవరో ఒక కుర్రవాడు సంపాదించిన అర పాయింటే ఆ ఏడాది ఛాంపియన్‌షిప్. పహిల్వానుగా గేబుల్ తన కుస్తీ తాను చూసుకుంటే సరిపోయేది. కోచ్‌గా పదిమంది కుస్తీ చూడాలి. అందులో బలహీనుడి కుస్తీ మరీ జాగ్రత్తగా చూడాలి.

అక్కణ్ణుంచి 1986 వరకు వరసగా తొమ్మిది జాతీయ టైటిళ్లు. 1987లో పదవది కూడా గెలుస్తామన్న ధీమాతో కుర్రాళ్లు దుస్తుల మీద పదికి గుర్తుగా రోమన్ అంకె వేసుకుని దిగారు. ఆ ఏడాది అయోవా స్టేట్ గెలిచింది. ఆ తర్వాత మూడేళ్లు కూడా టైటిలు రాలేదు. 1970లో టెలివిజన్‌వాళ్ల ముందు జరిగినదే మళ్లీ జరిగిందన్నమాట. గెలవకముందే గెలుపు చాటుకోవడం ఎవరికీ అచ్చిరాదు. అయితే గేబుల్ ఇల్లు పట్టి కూర్చోలేదు. కొత్త కుర్రవాళ్లను చేర్చుకుని మళ్లీ మొదటినుంచి కట్టుకొచ్చారు. 1991, 92, 93 సంవత్సరాల్లోను, మళ్లీ 1995, 96, 97 సంవత్సరాల్లోను టైటిళ్లు వచ్చాయి.

మొత్తం 21 ఏళ్లలో 15 జాతీయ టైటిళ్లు. బిగ్ టెన్ అనే ప్రాంతీయ కాలేజీల కూటమిలో అయితే 21 ఏళ్లూ ఆయన జట్టుదే గెలుపు. కాలేజీకి కాలేజీకి మధ్య జరిగే ద్వంద్వ పోటీల్లో 355 గెలుపులు, 21 ఓటములు, 5 సమానం. ఆయన చేతి కింద 45 జాతీయ వ్యక్తిగత టైటిళ్లు వచ్చాయి. 1983 జనవరిలో ఆ విశ్వవిద్యాలయం కట్టిన కార్వర్ హాకై స్టేడియంలో మొట్టమొదటి పోటీ కుస్తీదే. బాస్కెట్‌బాల్‌కు పేరుపడ్డ దేశంలో, వేలమంది పట్టే కొత్త హాలు కుస్తీతో తెరుచుకున్నదంటే ఆ ఆటకు ఆయన ఎంత గౌరవం తెచ్చారో ఊహించుకోవచ్చు.

అందరూ గేబుల్‌లు కారు

ఇక ఉస్తాదుగా ఆయన గొప్పతనం ఎక్కడున్నది? కఠినమైన సాధన చేయించారని అందరూ చెబుతారు. నిజమే. కాని కఠినంగా ఉండటం ఏ ఉస్తాదుకైనా చేతనవుతుంది. కర్ర పట్టుకుంటే చాలు. గేబుల్‌కు తెలిసిన రహస్యం మరొకటి. షాగిర్దు తనలా ఉండాలని ఆయన పట్టుబట్టలేదు.

ర్యాండీ లూయిస్ అనే శిష్యుణ్ణి చూడండి. గేబుల్ పద్ధతి ఎదుటివాణ్ణి నలిపి నలిపి అలసిపోయేట్టు చెయ్యడం. లూయిస్ పద్ధతి ప్రమాదానికి తెగించి మెరుపులా పట్టు వేసి చిత్తు చెయ్యడం. గురువు ఆ మెరుపును ఆర్పలేదు. 1984 లాస్ ఏంజెల్స్ ఒలింపిక్స్‌లో లూయిస్ 62 కిలోల తరగతిలో స్వర్ణం గెలిచాడు. ఎడ్, లూ బనాక్ అనే కవల సోదరులు కూడా ఈయన శిష్యులే. అదే ఒలింపిక్స్‌లో ఇద్దరికీ రెండు స్వర్ణాలు.

బ్యారీ డేవిస్ సంగతి మరీ చెప్పుకోదగ్గది. 1982లో బిగ్ టెన్ పోటీలకు బయలుదేరవలసిన సమయంలో ఆ కుర్రవాడు కనిపించకుండా పోయాడు. 118 పౌండ్ల తరగతికి బరువు దించుకోలేక, ఆకలి తట్టుకోలేక, కుస్తీ మానేద్దామనుకున్నాడు. గేబుల్ ఊరంతా వెతికి అతణ్ణి ఒక కిరాణా దుకాణంలో, తినుబండారాలు చేతపట్టుకుని ఉండగా కనుగొన్నారు. మాట్లాడారు, వెంట తీసుకువెళ్లారు. ఆ ఏడాది డేవిస్ జాతీయ విజేత అయ్యాడు. తర్వాత 1983లోను, 1985లోను కూడా గెలిచాడు. 1984 ఒలింపిక్స్‌లో రజతం తెచ్చాడు. ఆ తర్వాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 25 ఏళ్లు కోచ్‌గా పనిచేశాడు. కోచ్ అంటే హాల్లో ఈల ఊదేవాడు మాత్రమే కాదు. కుర్రవాడు హాల్లోకి రాని రోజున వాణ్ణి వెతుక్కుంటూ వెళ్లేవాడు కూడా.

గేబుల్ అమెరికా ఒలింపిక్ జట్టుకూ కోచ్‌గా ఉన్నారు. 1980లో జట్టు సిద్ధమై కూర్చున్న తర్వాత ఆ దేశం మాస్కో క్రీడలను బహిష్కరించింది. ఏళ్ల శ్రమ ఇంట్లోనే ఉండిపోయింది. 1984లో ఆయన జట్టు పది తరగతుల్లో 7 స్వర్ణాలు, 2 రజతాలు గెలిచింది. అయితే సోవియట్ యూనియన్, బల్గేరియా, ఇరాన్ వంటి కుస్తీ దేశాలు ఆ ఏడాది రాలేదన్నది మరువరాదు. వాళ్లు వచ్చి ఉంటే లెక్క కొంత మారేదే.

మెచ్చుకోలుతోబాటు ఒక హెచ్చరిక

పెద్దవాళ్ల చరిత్ర రాసేటప్పుడు అంతా వెలుగే చూపించి నీడ దాచడం మాకు ఇష్టం లేదు. డేవిస్ కథలో ఒక నీడ ఉన్నదని పాఠకులు గ్రహించే ఉంటారు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రవాడు ఆకలితో పారిపోయే పరిస్థితి ఎందుకు వచ్చింది? బరువు తగ్గించే పిచ్చి వల్ల. తక్కువ తరగతిలో దిగితే గెలుపు సులువని, నీళ్లు తాగకుండా, రబ్బరు దుస్తులు తొడుక్కుని, వేడి గదుల్లో చెమటలు కార్చి ఒక్క రోజులో కిలోల కొద్దీ బరువు దించడం అమెరికా కాలేజీ కుస్తీలో దశాబ్దాల పాటు మామూలు వ్యవహారం. అది ఏ ఒక్క కాలేజీకో, ఏ ఒక్క కోచ్‌కో అంటగట్టవలసిన తప్పు కాదు. ఆ ఆట ఆడే పద్ధతే అలా ఉండేది.

దాని ఫలితం 1997 చివర్లో బయటపడింది. నవంబరు, డిసెంబరు నెలల్లో మూడు వేరు వేరు కాలేజీలలో ముగ్గురు యువకులు ఇలా బరువు దించుకుంటూ ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి గేబుల్ హెడ్ కోచ్ పదవినుంచి తప్పుకున్నారు. ఆ మరణాల తర్వాత 1998 జనవరిలో రబ్బరు దుస్తులను, ఆవిరి గదులను నిషేధించారు. బరువు తూచే సమయాన్ని కుస్తీకి దగ్గరగా మార్చారు. ముందురోజు తూచి రాత్రంతా తిని తాగి కోలుకునే అవకాశం పోయింది కాబట్టి అంత బరువు దించడంలో లాభమూ పోయింది. ముగ్గురు తల్లుల కడుపుకోత తర్వాత గాని ఈ చిన్న మార్పు రాలేదు. మన కుర్రవాళ్లు కుస్తీ, బాక్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్ వంటి బరువు తరగతుల ఆటల్లోకి వెళుతున్నప్పుడు తల్లిదండ్రులు, ఉస్తాదులు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇదే. పట్టు నేర్పండి, దమ్ము పెంచండి, నీళ్లు మాత్రం మాన్పించకండి.

గేబుల్ శరీరం కూడా ఆ కఠిన సాధనకు మూల్యం చెల్లించింది. 1997 సీజన్‌లో తుంటి కీలుకు పెద్ద ఆపరేషన్ జరిగింది. ఆ మార్చి నెలలో, ఆయన పుట్టిన వాటర్లూ పక్కనే ఉన్న సీడర్ ఫాల్స్‌లో జాతీయ పోటీలు జరిగితే, చంకకర్రల మీద నిలబడి జట్టును నడిపించారు. ఆ జట్టు 170 పాయింట్లతో కొత్త రికార్డు సృష్టించింది. ఆ రికార్డు 27 ఏళ్లు చెక్కుచెదరలేదు. 2024లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం 172.5 పాయింట్లతో దాన్ని దాటింది. ఆ పెన్ స్టేట్ కోచ్ కేల్ శాండర్సన్ ఎవరనుకున్నారు? కాలేజీలో 159 కుస్తీలు ఆడి 159 గెలిచినవాడు, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ స్వర్ణ విజేత. చదివింది గేబుల్ చదివిన అయోవా స్టేట్‌లోనే. పహిల్వాను ఉస్తాదుగా మారే ఆ దారి ఇంకా సాగుతూనే ఉన్నదన్నమాట.

గేబుల్ శిష్యుల్లోనూ ఆ దారి పట్టినవారు చాలామంది ఉన్నారు. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న జిమ్ జలెస్కీ ఆయన శిష్యుడే. 1998, 1999, 2000 సంవత్సరాల్లో టైటిళ్లు తెచ్చాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ స్వర్ణ విజేత టామ్ బ్రాండ్స్ కూడా శిష్యుడే. 2006లో అయోవాకు హెడ్ కోచ్‌గా వచ్చి నాలుగు జాతీయ టైటిళ్లు సంపాదించాడు. 2013 ఫిబ్రవరిలో ఒలింపిక్ సంఘం కుస్తీని 2020 క్రీడలనుంచి తొలగించాలని ప్రతిపాదించినప్పుడు, ఆ ఆటను నిలబెట్టడానికి పూనుకున్నవారిలో అప్పటికి అరవై దాటిన గేబుల్ కూడా ఉన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో కుస్తీకి తిరిగి చోటు దక్కింది. 2020 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం పౌరులకు ఇచ్చే అత్యున్నత పురస్కారాన్ని ఆయన అందుకున్నారు.

మనకు దీనిలో ఏమున్నది?

ఎక్కడో అమెరికాలో ఎవరో పహిల్వాను సంగతి మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. మన దేశం సంగతే చూద్దాం. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో కె.డి. జాదవ్ ఫ్రీస్టైల్ కుస్తీలో కాంస్యం గెలిచారు. స్వతంత్ర భారతానికి అది మొదటి వ్యక్తిగత పతకం. ఆయనను అక్కడికి పంపడానికి డబ్బు చాలకపోతే, కొల్హాపూర్‌లో ఆయన చదివిన కాలేజీ ప్రిన్సిపాలు తన ఇల్లు తాకట్టు పెట్టారు. ఎంత గొప్ప మనసు! కాని కుస్తీలో మనకు మరొక ఒలింపిక్ పతకం రావడానికి 2008 దాకా, అంటే 56 ఏళ్లు పట్టింది. అది కూడా ఎలా వచ్చింది? 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన సత్పాల్ ఢిల్లీలోని ఛత్రసాల్ స్టేడియంలో ఉస్తాదుగా స్థిరపడి, చిన్న వయస్సునుంచి కుర్రాళ్లను తయారుచేస్తే వచ్చింది.

కాబట్టి ఒక మంచి మనిషి ఒకసారి ఇల్లు తాకట్టు పెడితే ఒక పతకం వస్తుంది. ఒక మంచి ఉస్తాదుకు ఒక హాలు, ఒక జీతం, ఇరవై ఏళ్ల వ్యవధి ఇస్తే తరాలు తయారవుతాయి. గేబుల్ జీవితం చెప్పేది ఇదే. ఆయనలాంటి దీక్ష గల కుర్రవాళ్లు మన బస్తీల్లో లేరని మేము అనుకోము. పొద్దున్నే లేచి దండాలు, బైఠకులు తీసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లోటల్లా ఎక్కడంటే, వాళ్లు ముప్ఫయ్యో ఏట గోదా దిగిన తర్వాత వాళ్ల విద్య ఎవరికి అందుతున్నదన్న దగ్గర. పతకం గెలిచినవాడు దుకాణంలోనో, డ్రైవరుగానో, కాపలా ఉద్యోగంలోనో చేరిపోతే, వాడు పదిహేనేళ్లు చెమటోడ్చి నేర్చుకున్నదంతా వాడితోనే ముగిసిపోతుంది.

కుర్రవాళ్లకు మేము చెప్పదలచినది కూడా ఒకటున్నది. గేబుల్ 181 సార్లు గెలిచి ఒకసారి ఓడాడు. ఆ ఒక్క ఓటమి దగ్గర ఆగి, దాన్ని విప్పి చూసుకుని, దానిలోంచి మ్యూనిక్ స్వర్ణమూ, 15 టైటిళ్లూ తీశాడు. మీరు ఓడినప్పుడు ఎదుటివాణ్ణి తిట్టుకోకుండా, రెఫరీని నిందించకుండా, మరునాడు పొద్దున్నే తాలీంఖానాకు వెళ్లి "ఉస్తాద్, నా కాలు ఎక్కడ తప్పింది?" అని అడగండి. పెద్దలు కూడా, మీ పేటలో పేరు మోసిన పాత పహిల్వాను ఎవరైనా ఉంటే వారి ఇంటికి వెళ్లి, వారానికి రెండు రోజులైనా పిల్లలకు నేర్పమని కోరండి. స్కూలు మైదానంలో ఒక మూల, నాలుగు పరుపులు, వారికి ఎంతో కొంత గౌరవవేతనం, అంతకన్న ఎక్కువ అక్కరలేదు. వాటర్లూలో బాబ్ సిడెన్స్ గేబుల్‌కు కుస్తీ నేర్పింది కూడా అలాంటి బడిలోనే.